ఏప్రిల్ మంచులో 11 కల్లా దిగిపోతే సరిపోతుందా?

దేవరకొండ కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ పక్క ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. గుల్మర్గ్‌లో రెండు స్కీయింగ్ కోర్సులు చేశాను. ఈసారి ఆరుగురు స్నేహితులం ఏప్రిల్ మొదటి వారంలో మనాలి పైకి వెళ్తున్నాం. లిఫ్టు ఉన్న చోటికి కాదు. స్కీల అడుగున పట్టీలు అంటించుకుని కాళ్ళతోనే ఎక్కి, జనం తిరగని వాలు మీద నుంచి దిగాలని ఉంది. ఏప్రిల్ ఎండకు మంచు నానిపోయి చరియలుగా జారుతుందని కోర్సులో చెప్పారు. గైడ్‌ని అడిగితే "పొద్దున 4కు బయల్దేరి 11 కల్లా దిగిపోతే ఏ టెన్షన్ లేదు" అన్నాడు. ఈ 11 గంటల లెక్క నమ్ముకుని పోవచ్చా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. అమ్మకు ఇంకా చెప్పలేదు.

మూసీ గట్టు:
పోవచ్చు తమ్మీ. నేను ఆరు సీజన్లుగా మార్చి చివర్లో, ఏప్రిల్‌లోనే పోతున్నా. ప్రతిసారీ 11 లోపు కిందున్నాం. ఒక్కరికి గీత కూడా పడలేదు. గైడ్లు అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళు చెప్పింది విను.

కోయిల్‌కొండ:
ఆ 11 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడగండి. ఈ కాలంలో వాలును పట్టి ఉంచేది రాత్రి గడ్డకట్టిన పైపొర. పగలు కరిగిన నీళ్ళు మంచులోకి దిగుతాయి. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసి మళ్ళీ గట్టిపడుతుంది. గాలి సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు పైన ఉన్నా సరే పైపొర గడ్డకట్టగలదు. తెల్లవారుజామున దాని మీద నడిస్తే గచ్చు మీద నడిచినట్టే ఉంటుంది. ఎండ పడ్డాక పైన అంగుళం రెండంగుళాలు జొన్న గింజల్లా విడివడుతుంది. స్కీ మీద దిగడానికి అంత హాయి ఇంకొకటి లేదు, అందరూ ఏప్రిల్‌లో వెళ్ళేది దాని కోసమే. ఇంకాసేపటికి నీరు లోపలికంతా దిగి, పట్టు పోయి, వాలు కదులుతుంది.

మరి ఆ రాత్రి మబ్బు కమ్మితే? మన దగ్గర పుష్యమాసంలో మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గదా? అక్కడా అంతే. వేడి బయటికి పోదు, పొర గడ్డకట్టదు. అలాంటి రోజు 11 మాట అటుంచండి, పొద్దున 6కు కూడా ఆ వాలు మీదికి పోకూడదు. మీ గైడ్ రాత్రి ఆకాశం గురించి ఒక్క మాటైనా అన్నాడా?

మిర్యాలగూడ:
తూర్పు వాలుకు ఎండ ముందు తగులుతుంది. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కోయిల్‌కొండ:
సరిగ్గా చెప్పారు. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నం పడమర. ఉత్తరం వాలు అన్నిటికంటే ఆఖరు. ఇంకో సంగతి. దేశమంతటికీ ఒకటే గడియారం, సూర్యుడు మాత్రం అందరికీ ఒకేసారి నెత్తి మీదికి రాడు. సిక్కింలోని నాథులాకీ గుల్మర్గ్‌కీ మధ్య దాదాపు గంట తేడా. ఏప్రిల్ మొదట్లో నాథులాలో 11:40 ప్రాంతానికి నడినెత్తికి వచ్చే సూర్యుడు గుల్మర్గ్‌లో 12:30 దాటాక వస్తాడు. 11 అంటే ఏ కొండ 11?

మూసీ గట్టు:
తమ్ముడు నాథులా పోతున్నా అనలేదు, మనాలి అన్నాడు. అడిగినదానికి చెప్పకుండా భూగోళం పాఠం ఎందుకు? నాథులా మాట మీరే తెచ్చారు కాబట్టి అదీ చూద్దాం. 2023 ఏప్రిల్ 4న అక్కడి రోడ్డు మీద చరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. అది మధ్యాహ్నం వేళ. పొద్దున్నే తిరిగొచ్చినవాళ్ళు బతికే ఉన్నారు. నేను చెప్పేదీ అదే కదా.

భువనగిరి గుట్ట:
2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో 16 మంది పోయింది పొద్దున ఏడు కూడా కాకముందే. మా భువనగిరి కొండ మీద శిక్షణ తీసుకున్న పూర్ణ, ఆనంద్ అదే సీజన్‌లో టిబెట్ వైపు నుంచి మే 25న శిఖరం ఎక్కారు. ఆ 16 మంది పోయారన్న వార్త వచ్చిన రోజు ఇక్కడ ఎంత భయపడ్డామో నాకు గుర్తుంది. పొద్దున అయితే భద్రం అని ఎవరూ అనొద్దు.

కోయిల్‌కొండ:
అన్నా, ఎవరెస్ట్ దారిలో ఆ రోజు ఖుంబూ దగ్గర విరిగిపడింది వేలాడుతున్న పెద్ద మంచుగడ్డ. ఎండకు నానిన మంచు కాదు. దానికి పొద్దు మాపు లేదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా మీద శిక్షణ జట్టును తుడిచిపెట్టింది కూడా వేరే రకం, కొత్తగా కురిసిన మంచు పలకలా విరిగింది. 27 మంది శవాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. రకాలు కలిపేస్తే తమ్ముడు ఇంకా గందరగోళపడతాడు.

కానీ ఏప్రిల్‌లో కూడా వెస్ట్రన్ డిస్టర్బెన్స్, అంటే పడమటి నుంచి వచ్చే వాన, మంచు మబ్బుల వ్యవస్థ, వస్తే ఒకటి రెండు రోజుల్లో బోలెడు కొత్త మంచు పడుతుంది. అది గట్టి పొర మీద కూర్చుంటుంది. తర్వాత మొదటి ఎండ తగలగానే, తెల్లవారిన కాసేపటికే జారొచ్చు. అప్పుడు కూడా 11 పనికిరాదు.

అమ్రాబాద్:
2025 ఫిబ్రవరి 22న మా దోమలపెంట దగ్గర సొరంగంలో 8 మంది చిక్కుకుపోయారు. అదే నెల 28న బద్రీనాథ్ పైన మాణా దగ్గర రోడ్డు పని చేసే కూలీల శిబిరం మీద చరియ పడి 8 మంది చనిపోయారు. వాళ్ళెవరూ సరదాకు పోలేదు, పనికి పోయారు. మీరు పోతే, మిమ్మల్ని వెతకడానికి కూడా ఎవరో ఒకరు పోవాలి. అది కూడా ఆలోచించండి.

అచ్చంపేట అక్క:
రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకున్నాను.

మా తమ్ముడు పోయినేడు ఇలాంటి యాత్రకే వెళ్ళాడు. ఎవరితో వెళ్ళాడో ఇక్కడ చెప్పను. వాళ్ళకూ ఇదే రూల్, 11 లోపు దిగాలి. చరియ వచ్చింది 9:40కి. తూర్పు వాలు. అంతకు ముందు రాత్రంతా మబ్బు, గుడారం లోపల చలి వేయలేదని వాడే చెప్పాడు. నడుము దాకా కూరుకుపోయాడు. కాలు రెండు చోట్ల విరిగింది. తడి మంచు ఆగిందంటే సిమెంటు బిగిసినట్టు బిగుస్తుందట. ముగ్గురు పారలతో తవ్వితే నలభై నిమిషాలు పట్టింది. తల పైనే ఉంది కాబట్టి ఈ రోజు మా ఇంట్లో ఉన్నాడు.

తీసుకెళ్ళినవాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. "11 లోపే జరిగింది, మేం రూల్ తప్పలేదు" అని మెసేజ్ పెట్టారు. ఆ రూల్ వాళ్ళను కాపాడింది. మా వాణ్ణి కాదు.

మూసీ గట్టు:
అక్కా, చదువుతుంటే మనసు బాధపడ్డది. తమ్ముడు కోలుకోవాలి. అయితే ఒక జట్టు తప్పు చేస్తే రూల్ తప్పు అయిపోదు. నేను పదిమంది దాకా పిల్లల్ని తీసుకెళ్తాను. సూర్యాపేట, నకిరేకల్, కల్వకుర్తి పిల్లలు. జీవితంలో మొదటిసారి మంచు చూస్తారు. రేణువు, పొర, నీరు అని వాళ్ళకు రెండు రోజుల్లో ఎట్లా నేర్పాలి? గడియారం చూడటం అందరికీ వచ్చు. గడియారం లేకపోతే ఏం జరుగుతుందో తెలుసా? ప్రతి ఒక్కడూ "అన్నా, ఇంకో పది నిమిషాలు, పైదాకా పోయి ఫోటో దిగి వస్తా" అంటాడు. 11 అయిందంటే నేను ఎవరి మాటా వినను. దించేస్తా. పుస్తకం చదివినవాళ్ళు వాదిస్తూ కూర్చుంటారు, నేను పిల్లల్ని ఇంటికి తెచ్చా. కోయిల్‌కొండ సార్, మీరు ఎన్ని సీజన్లు పోయారు? లెక్క చెప్పండి.

కోయిల్‌కొండ:
మూడు. మీ ఆరు సీజన్ల లెక్కకు నా జవాబు ఇది. మా చిన్నాన్న బోరు మోటారు స్టార్టర్ తడి చేతుల్తోనే వేసేవాడు. పదేళ్ళు ఏమీ కాలేదు. ఏమీ కాని ప్రతి రోజూ ఆయనకు ధైర్యం పెంచింది. పదకొండో ఏడు నాట్ల టైమ్‌లో పోయాడు. మీరు ఆరుసార్లు దిగివచ్చిన వాలుల్లో ఎన్ని గట్టిగా ఉన్నాయో, ఎన్ని జారబోయి ఆగాయో మీకెలా తెలుసు? స్కీయర్లు చనిపోయే చరియల్లో ఎక్కువ భాగం వాళ్ళో, వాళ్ళ జట్టు మనిషో కదిపినవే. పదిమంది పిల్లల్ని మీ ధైర్యం మీద తీసుకుపోతున్నారు.

మూసీ గట్టు:
మాట మర్యాదగా రానీయండి. చచ్చిపోయినవాళ్ళతో నన్ను పోల్చడమేంది? ఆ పిల్లలు ఏడాదంతా జీతంలో దాచుకుని వస్తారు. నేను రూపాయి మిగుల్చుకోను. పాలమూరు, నల్లగొండ పిల్లలు వలస కూలికి, ఫ్లోరైడు నీళ్ళకే పేరుపడాలా, కొండలు డబ్బున్నోళ్ళవేనా? మీలాంటివాళ్ళు భయపెట్టి భయపెట్టి మనోళ్ళను ఇంట్లో కూర్చోబెడతారు.

జడ్చర్ల:
ఇద్దరూ తగ్గండి. కుర్రాడు అడిగింది అక్కడే ఉండిపోయింది.

అచ్చంపేట అక్క:
నేను అసలు సంగతి రాయలేదు. మా తమ్ముడికి ముందే తెలిసింది. బూటు మడమ దాకా దిగిపోతోందని, పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు చక్రాల్లా దొర్లి వస్తున్నాయని చూశాడు. ఒకసారి అన్నాడట. "ఇంకా టైమ్ ఉంది" అన్నారు. మళ్ళీ అనలేదు. ఎందుకురా అంటే, "అందరిలో చిన్నవాణ్ణి అక్కా, నా వల్ల అందరి డబ్బులు పోతాయి కదా" అన్నాడు. 11 దాకా భయం లేదని అందరికీ ముందే చెప్పి పెట్టారు. 9:40కి భయపడ్డవాడు పిరికివాడు అయిపోతాడు. నా కోపం దాని మీద.

కోయిల్‌కొండ:
అక్కా, నా మూడో సీజన్ గురించి చెప్పాలి. ఎక్కడా చెప్పలేదు ఇప్పటిదాకా. ఇట్లాగే రాత్రి మబ్బు, పొద్దున బూటు దిగుతోంది. తిరిగిపోదాం అని మూడుసార్లు అన్నాను. నాయకుడు నన్ను పక్కకు పిలిచి, "నీ వల్ల మిగతావాళ్ళు బెదురుతున్నారు, నువ్వు కిందికి పో" అన్నాడు. ఒక్కణ్ణే దిగాను. వాళ్ళు పైకి పోయి, హాయిగా స్కీ చేసి వచ్చారు. ఏమీ కాలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర ఎవరూ నాతో మాట్లాడలేదు. అందుకే 11 అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మూసీ గట్టు అన్నా, ఆ కోపం మీ మీద చూపించాను. స్టార్టర్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మూసీ గట్టు:
నిజం చెప్తా. మూడేళ్ళ కింద నా జట్టులో కల్వకుర్తి పిల్ల ఒకామె "అన్నా, నాకు ఇక్కడ బాగనిపిస్తలేదు" అంది. అప్పుడు టైమ్ 8. పైకి ఇంకా గంట దారి. నేను నవ్వించి, ధైర్యం చెప్పి తీసుకుపోయా. ఏమీ కాలేదు. ఆమె తర్వాతి ఏడు రాలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

కానీ ఒకరు వద్దంటే పదిమంది తిరిగిరావాలా? నేను ఇంకా ఒప్పుకోలేను. ప్రతిదానికీ భయపడేవాడు ఒకడు ఉంటాడు జట్టులో.

కోయిల్‌కొండ:
ఉంటే ఆ రోజు 30 డిగ్రీల కంటే తక్కువ వాలు మీద తిరగండి. పలకలుగా విరిగే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 మధ్యనే మొదలవుతాయి. ఫోన్‌ను స్కీ కర్ర మీద ఆనించి కొలవొచ్చు. నెత్తి మీద నిటారు వాలు లేకుండా చూసుకోవాలి, అంతే. రోజు వృథా కాదు.

అచ్చంపేట అక్క:
ఒకరు వద్దంటే తిరిగిరావాలి. నాకు ఇంకో జవాబు లేదు.

దేవరకొండ కుర్రాడు:
అందరికీ కృతజ్ఞతలు. గైడ్‌తో గంట మాట్లాడాను. చండీగఢ్‌లోని రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ మంచు చరియల ముప్పు మీద ఇచ్చే అవలాంచ్ బులెటిన్ రోజూ చూస్తానన్నాడు. మబ్బు రాత్రుల సంగతి అడిగితే ఒప్పుకున్నాడు, అలాంటి రోజు గుడారంలోనే అంటున్నాడు. ఒకరు వద్దంటే తిరుగుదామా అన్నప్పుడు మాత్రం కాసేపు మాట్లాడలేదు. చివరికి సరే అన్నాడు. మా ఆరుగురిలో ఒకడికి అది నచ్చలేదు, వాడితో ఇంకా తేలలేదు. బీకన్లు, అంటే మంచులో కూరుకుపోయినవాళ్ళను వెతకడానికి ఒంటికి కట్టుకునే రేడియో పరికరాలు, నాలుగే ఉన్నాయట. ఆరూ లేకపోతే మేం ఎక్కం. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని 10, 15 నిమిషాల్లో తీయాలంటే పార, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్రతో పాటు ప్రతి ఒంటి మీదా బీకన్ ఉండాలి కదా. నిన్న రాత్రి అమ్మకు చెప్పాను. అన్నం పెట్టి ఏమీ అనకుండా పడుకుంది.

మూసీ గట్టు:
మిగతా రెండు నా దగ్గర ఉన్నాయి తమ్మీ. ఆదివారం పొద్దున నల్లగొండ గడియారం సెంటర్‌కు రా. మా పొలంలో వరి కోసి ఉంది. గడ్డి కుప్పల కింద దాచి వెతికిస్తా, మీ ఆరుగురూ రండి, నచ్చలేదన్నవాణ్ణి కూడా తీసుకురా. కొత్త బ్యాటరీలు తెచ్చుకోండి.

కోయిల్‌కొండ:
ఆల్కలైన్ బ్యాటరీలే తెండి, రీచార్జబుల్ వద్దు. ఫోన్ బీకన్‌కు కనీసం జానెడు దూరంలో, వెతికేటప్పుడైతే మూరెడు కంటే ఎక్కువ దూరంలో ఉండాలి. నేను కూడా రావచ్చా?

మూసీ గట్టు:
రండి సార్. ఏడింటికి.