కోటేశ్వరమ్మ పేరా, 'ఝ' అక్షరమా: మా పాపకు ఏ పేరు పెట్టాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. మాకు ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులైంది. 21వ రోజున బారసాల. ఉత్తరాభాద్ర మూడో పాదం కనుక 'ఝ'తో పేరు పెట్టాలని పంతులుగారు చెప్పారు గాని, ఆ అక్షరంతో మాకు ఝాన్సీ తప్ప మరొకటి తోచలేదు. నాలుగేళ్ల కిందట కాలం చేసిన మా అమ్మగారి పేరు కోటేశ్వరమ్మ. మాది నరసరావుపేట దగ్గర పల్లె. కోటప్పకొండ త్రికోటేశ్వరుని పేరు పెట్టుకోవడం అక్కడ ఎంత మామూలంటే, శివరాత్రి తిరునాళ్లలో ప్రభల దగ్గర నిలబడి 'కోటేశ్వరమ్మా' అని పిలిస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. నాన్నగారు నోరు తెరిచి అడగరు గాని, పాపను ఒళ్లోకి తీసుకున్నప్పుడల్లా 'కోటమ్మా' అనే పిలుస్తున్నారు. మా ఆవిడేమో ఆ పేరు పెడితే బళ్లో ఎగతాళి చేస్తారని, ఫోనులో చూసిన 'అనయ' ముద్దుగా ఉందని అంటోంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (బ్రాడీపేట, గుంటూరు)

ముందుగా ఆ 'అనయ' సంగతి చూడండి. నయం అంటే నీతి. అనయం అంటే నీతి తప్పడం, ఆపద. ఇంటర్నెట్టు జాబితాలలో ప్రతి పేరుకూ 'దైవానుగ్రహం' అనో 'సాటిలేనిది' అనో రాసిపారేస్తున్నారు కనుక, ఒకసారి సంస్కృత నిఘంటువు తిరగేయకుండా ఏ పేరూ ఖాయం చేయకండి. ఇక అక్షరం గురించి అంత బెంగ అవసరం లేదు. మా ఇంట్లో పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో నక్షత్రనామం, దాని కింద వ్యవహారనామం రాశాము. మొదటిది మళ్లీ వినిపించేది గుడిలో అర్చన చేయించినప్పుడే.

జవాబు 2 (మంగళగిరి)

మా అమ్మాయికి మా అత్తగారి పేరు లక్ష్మీనరసమ్మ అనే పెట్టాము. అప్పటికి ఆవిడ ఉన్నారు. పిల్ల పాలగిన్నె ఒలకబోస్తుంటే, అత్తగారు పక్కన కూర్చుని ఉండగా ఆ పేరు పెట్టి కేకలేయడానికి నాకు నోరు రాలేదు. అందుకని 'బుజ్జీ' అన్నాను, అదే నిలిచిపోయింది. ఇంటర్ హాల్‌టికెట్ మీద అసలు పేరు చూసి స్నేహితురాళ్లు 'ఈ లక్ష్మీనరసమ్మ ఎవరే' అని అడిగారట. పెద్దల పేరు పెట్టండి, తప్పు లేదు, కానీ పిలిచే పేరు కూడా ఆ రోజే అనుకోండి.

జవాబు 3 (గుంటూరు)

ఎగతాళి గురించి నేను చెప్పాలి. నా పేరు మస్తానరావు. మా నాయనమ్మ గుంటూరులోని కాలే మస్తాన్ షా వలీ దర్గాలో మొక్కుకున్నాక పుట్టాను. ఇక్కడి హిందువుల ఇళ్లలో మస్తానరావులు, మస్తానమ్మలు కొత్త కాదు గనుక బళ్లో ఎవరూ ఏమీ అనలేదు. ఉద్యోగానికి ఉత్తరాదికి వెళ్లాకే, నా పేరుకూ నుదుటి బొట్టుకూ పొంతన కుదరక జనం తికమకపడేవారు. మొదట్లో చిరాకుపడ్డాను, తరువాత దర్గా కథ చెప్పడమే సరదా అయింది. మీ ఝాన్సీకీ అక్కడ అదే జరగవచ్చు: అది వారికి ఊరి పేరు, రాణి పేరు లక్ష్మీబాయి. ఊరి పేరును ఆడపిల్లకు పెట్టుకున్నది మనవాళ్లే.

జవాబు 4 (పటమట, విజయవాడ)

ఒక్క మాట. పుట్టుక నమోదు మాత్రం 21 రోజులలోపు చేయించండి. అందులో పేరు లేకపోయినా ఫరవాలేదు. 12 నెలలలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం, కాబట్టి అక్షరదోషం లేకుండా రాయించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనకుండా బీరువాలోంచి తమ పెళ్లి శుభలేఖ తీసి ఇచ్చారు. అందులో వధువు పేరు 'కోటేశ్వరి' అని ఉంది. 'అమ్మ' అని ఉంటే ముసలిదానిలా ఉందని మా అమ్మ పట్టుబట్టి అలా అచ్చు వేయించుకుందట. మా ఆవిడ ఆ శుభలేఖను రెండుసార్లు చదివింది. బియ్యంలో ఝాన్సీ, నమోదులో కోటేశ్వరి అనుకుంటున్నాము. పిలిచే పేరు ఇంకా తేలలేదు.