క్యూబా సంక్షోభం: ఉత్తరం చేరడానికి సగం రోజు ఎందుకు పట్టింది? హాట్‌లైన్ అసలు ఫోనేనా?

గోదారిగట్టు:
సోవియట్లు క్యూబాలో అణు క్షిపణులు పెట్టడంతో అమెరికాతో యుద్ధం అంచుదాకా వెళ్లిన 1962 అక్టోబరు సంగతులు చదువుతుంటే రెండు విషయాలు కొరుకుడు పడటం లేదు. 26న సోవియట్ నేత క్రుశ్చేవ్ పంపిన ఉత్తరం అమెరికా అధ్యక్షుడు కెనెడీకి పూర్తిగా అందేసరికి దాదాపు సగం రోజు పట్టిందంటారు. అప్పటికే టెలిఫోన్లు, రేడియోలు ఉన్నాయి కదా, ఆలస్యం ఎక్కడ జరిగింది? ఇక ఆ తర్వాత వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా ఏర్పాటైన హాట్‌లైన్‌ని సినిమాల్లో ఎర్ర ఫోన్‌గా చూపిస్తారు, కొందరేమో అది ఫోనే కాదంటారు. కాకపోతే ఏ యంత్రం, ఏ దారిలో వెళ్లేది, తెగిపోతే ఏం చేసేవారు? "ఇరు పక్షాలూ సంయమనం పాటించాయి" లాంటి జవాబులు చాలా చూశాను. పని ఎలా జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి.

తంతివార్త:
ఆలస్యం తీగలో జరగలేదండీ, తీగకి ఈ చివరా ఆ చివరా జరిగింది. ఉత్తరం మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయానికి అక్కడి సాయంత్రం 4:43కి చేరింది. వాషింగ్టన్‌లో అప్పుడు ఉదయం 9:43. రష్యన్ నుంచి ఇంగ్లీషులోకి తర్జుమా చేయాలి, దాన్ని గూఢలిపిలోకి మార్చాలి, ముక్కలు చేసి టెలిగ్రాంగా పంపాలి, అవతల ఒక్కో ముక్కనీ విప్పి వరసలో పేర్చాలి. సాయంత్రం 6 నుంచి ముక్కలు రావడం మొదలై, చివరిది రాత్రి 9 ప్రాంతంలో అందింది.

సోవియట్ వైపు పరిస్థితి ఇంకా కష్టం. వాషింగ్టన్‌లో వాళ్ల రాయబారి డోబ్రినిన్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, గూఢలిపిలో రాసిన కాగితాలను తీసుకెళ్లడానికి తంతి కంపెనీ కుర్రాడు సైకిల్ మీద వచ్చేవాడు. అతను దారిలో ఎక్కడా ఆగకుండా తిన్నగా ఆఫీసుకే వెళ్లాలని కోరుకోవడం తప్ప వీళ్లు చేయగలిగింది లేదు.

ఈ ఆలస్యం వల్ల వచ్చిన చిక్కు 27న బయటపడింది. మొదటి ఉత్తరంలో క్రుశ్చేవ్ అడిగింది, క్యూబా మీద దండెత్తబోమన్న హామీ. దానికి అమెరికా జవాబు తయారవుతుండగానే మాస్కో రేడియోలో రెండో ఉత్తరం వినిపించింది. అందులో టర్కీలో అమెరికా పెట్టిన జూపిటర్ అణు క్షిపణులను కూడా తీసేయాలన్న షరతు కలిసింది. రెంటిలో ఏది అసలు మాటో, మధ్యలో మాస్కోలో ఏం మారిందో వాషింగ్టన్‌కి అంతుపట్టలేదు. కెనెడీ మొదటి ఉత్తరానికే రాతపూర్వకంగా జవాబిచ్చి, టర్కీ సంగతిని ఆ రాత్రి తమ్ముడు రాబర్ట్ ద్వారా డోబ్రినిన్‌కి నోటిమాటగా చెప్పించాడు. 28న క్రుశ్చేవ్ ఒప్పుకోలు కూడా ముందు రేడియోలోనే వచ్చింది. దాన్ని ప్రచారం కోసమే అలా చదివించారనుకుంటారు గానీ, గంటలు కలిసిరావడం అంతకంటే పెద్ద కారణం. గూఢలిపి దారి పట్టుకుంటే మరో పూట గడిచిపోయేది.

పాతపటం:
తంతివార్త గారు చెప్పింది పైవాళ్ల మధ్య నడిచిన కథ. నా లెక్కలో అంతకంటే భయపెట్టేది, మాట కింది వరకూ దిగకపోవడం. క్యూబా వైపు వచ్చిన సోవియట్ జలాంతర్గాములను పైకి రప్పించడానికి వాడే సంకేతాలను అమెరికా 24ననే మాస్కోకి తెలియజేసింది: నాలుగైదు చిన్న పేలుళ్లు వినిపిస్తే తూర్పు దిక్కుగా తిరిగి పైకి తేలాలి. ఆ సమాచారం సముద్రంలో ఉన్న సోవియట్ కెప్టెన్ల దాకా చేరలేదు. లోతుకి దిగిన జలాంతర్గామికి రేడియో అందదు, యాంటెనా నీటి పైకి ఎత్తితే దొరికిపోతుంది.

27న బి-59 అనే సోవియట్ జలాంతర్గామి పరిస్థితి ఊహించండి. బ్యాటరీలు అడుగంటాయి, లోపల వేడి 45 డిగ్రీలు దాటింది, పైన అమెరికా నౌకలు సాధన కోసం వాడే చిన్న డెప్త్ చార్జీలు (నీటిలో పేలే బాంబులు) వదులుతున్నాయి. లోపలివాళ్లకి అది సంకేతమో దాడో తెలియదు. టార్పెడోల్లో ఒకదానికి అణు వార్‌హెడ్ ఉంది. కెప్టెన్ సవిత్‌స్కీ దాన్ని సిద్ధం చేయమన్నాడా లేదా అన్నచోట అందులో ఉన్నవారి కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు. బ్రిగేడ్ స్టాఫ్ చీఫ్ అర్ఖీపోవ్ అదే జలాంతర్గామిలో ఉండి కెప్టెన్‌ని నెమ్మదింపజేశాడన్నది మాత్రం విస్తృతంగా అంగీకరించిన మాట. బి-59 పైకి తేలింది.

అదే రోజు క్యూబా మీద అమెరికా గూఢచారి విమానం యు-2ని కూల్చిన నిర్ణయం అక్కడి సోవియట్ అధికారులదే, మాస్కో ఆజ్ఞ కాదు. పైలట్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. మరో యు-2 దారి తప్పి సోవియట్ తూర్పు కొసన ఉన్న చుకోత్కా మీదికి వెళ్లింది కూడా ఆ రోజే. అమెరికా అంచనాల్లో క్యూబాలో ఉన్న సోవియట్ సైన్యం 10 వేల చుట్టూ తిరుగుతుండగా, వాస్తవంలో 40 వేలకు పైనే ఉన్నారు. వాళ్ల దగ్గర తక్కువ దూరపు అణ్వాయుధాలు కూడా ఉన్నాయన్న సంగతి అమెరికా వాళ్లకు ఖాయంగా తెలిసింది 1992లో! దిగి యుద్ధం చేద్దామన్న సలహాలన్నీ ఆ తప్పుడు లెక్కల మీదే నడిచాయి.

టేపుచుట్ట:
హాట్‌లైన్ సంగతి నేను చెప్తాను. అది ఫోన్ కాదు, టెలిప్రింటర్: ఇక్కడ టైపు చేస్తే అక్కడ కాగితం మీద అచ్చయ్యే యంత్రం. ఒప్పందం జెనీవాలో 1963 జూన్ 20న కుదిరింది, లైన్ ఆగస్టు 30న పని మొదలుపెట్టింది. తీగ దారి వాషింగ్టన్, లండన్, కోపెన్‌హాగన్, స్టాక్‌హోం, హెల్సింకీ, మాస్కో. అది తెగితే రేడియో దారి, మొరాకోలోని టాంజియర్ మీదుగా. ఆ జాగ్రత్త వృథా పోలేదు. అణుయుద్ధాన్ని తట్టుకోవాల్సిన ఆ తీగని ఒకసారి డెన్మార్క్‌లో బుల్డోజర్ తెంపేసింది.

ఫోన్ కావాలనే వద్దనుకున్నారు. ఫోన్‌లో దుబాసీ అక్కడికక్కడే మాట మార్చాలి, ఒక్క పదం గతి తప్పితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు, గొంతులో కోపం కూడా అర్థంగానే చేరుతుంది. కాగితం మీదైతే చదివి, నలుగురూ కూర్చుని, ఆలోచించి రాయొచ్చు. అందుకే అమెరికా ఇంగ్లీషులోనే, సోవియట్లు రష్యన్‌లోనే పంపేవారు, అందుకున్నవారే తర్జుమా చేసుకునేవారు. దానికోసం యంత్రాలు ఇచ్చిపుచ్చుకున్నారు: ఇంగ్లీషు లిపివి నాలుగు మాస్కోకి, రష్యన్ లిపివి నాలుగు వాషింగ్టన్‌కి. వేగం నిమిషానికి 66 పదాల చొప్పున. అంటే 600 పదాల సందేశం రావడానికి 9 నిమిషాలు.

గూఢలిపి ఎంపిక నాకు అన్నిటికంటే తెలివైన పనిగా కనిపిస్తుంది. ఎవరి రహస్య యంత్రాన్ని వాళ్లు పెడితే అవతలివాడు విప్పి చూస్తాడు. అందుకని బజారులో దొరికే నార్వే యంత్రం తీసుకుని, సందేశాన్ని గూఢలిపిలోకి మార్చడానికీ విప్పడానికీ ఒక్కసారే వాడి పారేసే తాళం టేపులు పెట్టారు. ఎవరు పంపే సందేశాలకు వాళ్లే టేపులు తయారుచేసి, అవతలి రాజధానిలోని తమ రాయబార కార్యాలయం ద్వారా అందించేవారు. అలా ఎవరి రహస్యమూ బయటపడదు, మూడోవాడు చదవనూ లేడు. లైన్ బతికుందో లేదో తేల్చుకోవడానికి గంటగంటకీ పరీక్ష సందేశం. సరి గంటల్లో అమెరికా, బేసి గంటల్లో సోవియట్.

సంక్షోభంలో మొదటిసారి వాడింది 1967 జూన్ 5న, అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం మొదలైన రోజు. అమెరికా చివర పెంటగాన్‌లో ఉండటంతో సోవియట్ ప్రధాని కొసీగిన్ సందేశం ముందు అక్కడ వచ్చి, తర్వాత వైట్‌హౌస్‌కి చేరాల్సి వచ్చింది. నాలుగేళ్లు గంటగంటకీ పరీక్షించిన లైన్‌లో ఆఖరి మైలు మిగిలిపోయింది! 8న అమెరికా ఓడ లిబర్టీ మీద ఇజ్రాయెల్ దాడి జరిగాక, అమెరికా తన విమానాలు ఆ ఓడ దగ్గరికే వెళ్తున్నాయని మాస్కోకి హాట్‌లైన్‌లో ముందే చెప్పింది. దాని అసలు ఉపయోగం ఇలాంటిదే: ఎదుటివాడి రాడార్‌లో కనిపించబోయేదాన్ని ముందే చెప్పేయడం. 1971లో ఉపగ్రహాలకి మారింది.

తంతివార్త:
చిన్న సవరణ. 1971 సెప్టెంబరులో జరిగింది ఒప్పందం, ఉపగ్రహ లైన్లు పని మొదలుపెట్టింది 1978లో. 1971 డిసెంబరులో మన బంగ్లా యుద్ధం సమయంలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మాస్కోకి పంపిన సందేశం పాత లైన్ మీదే వెళ్లింది.

గోదారిగట్టు:
ముగ్గురికీ ధన్యవాదాలు. భారత్, పాకిస్తాన్ మధ్య ఇలాంటి ఏర్పాటు ఉందా?

పాతపటం:
ఉంది, సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల మధ్య. ఇదైతే నిజంగా ఫోనే, ఇక్కడ తర్జుమా ఇబ్బంది లేదు. అది కాక, 1988 డిసెంబరు 31 నాటి ఒప్పందం ప్రకారం అణుకేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నారు. 2005 ఒప్పందం కింద బాలిస్టిక్ క్షిపణి పరీక్షకి కనీసం మూడు రోజుల ముందు కబురు పెట్టాలి. క్రూయిజ్ క్షిపణులు దాని పరిధిలో లేవు. 2022 మార్చి 9న పొరపాటున ఎగిరిన మన క్షిపణి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. పాకిస్తాన్ సంగతి బయటపెట్టింది 10న, సాంకేతిక లోపమంటూ భారత్ ప్రకటన వచ్చింది 11న. తమ గగనతలంలో అది ఉన్నది నాలుగు నిమిషాల లోపేనని పాకిస్తాన్ సైన్యం చెప్పింది.