వాష్ బొమ్మలో రంగు మురికి పడుతోంది, కారణం ఏమిటి?

నాగావళి_గట్టు:
శ్రీకాకుళంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి వడ్డాది పాపయ్య (వపా) గారి చందమామ అట్టలు చూపించి వాష్ నేర్పిస్తున్నాను, అంటే రంగు వేసి, ఆరాక నీళ్ళలో ముంచి, మళ్ళీ పల్చగా రంగు వేసే పద్ధతి. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో కాగితం బరువు) డ్రాయింగ్ షీటు, పోస్టర్ రంగులు. రెండోసారి నీళ్ళలో ముంచేసరికి మొహం రంగు లేచిపోయి బొమ్మంతా బూడిదలా అవుతోంది. కాగితం నూగు లేస్తోంది. బోరు నీళ్ళ వల్లేనా?

కుంచె_విజయనగరం:
తప్పు నీళ్ళది కాదు మాస్టారూ, పోస్టర్ రంగుది. అది కాగితంలోకి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. తడి తగలగానే లేచి పక్క రంగులో కలుస్తుంది. ట్యూబు వాటర్ కలర్ తెప్పించండి. ప్రష్యన్ బ్లూ, క్రిమ్సన్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, అంతే. మొదటి రెండూ మరక కట్టే రంగులు, ముంచినా నిలుస్తాయి. అల్ట్రామెరైన్ సులువుగా లేచిపోతుంది, దాన్ని చివరికి ఉంచుకోండి.

కాగితం 300 జీఎస్ఎం, కాటన్‌ది కావాలి. ఖరీదే, పావు షీటు చొప్పున ఇవ్వండి. రంగు వేశాక పూర్తిగా ఆరాలి. వెనక చెయ్యి పెడితే చల్లగా తగిలిందా, ఇంకా ఆరలేదన్నమాట. వానాకాలం అయితే తొందరపడకండి. తర్వాత నీళ్ళ ట్రేలో రెండు మూడు నిమిషాలు ఉంచాలి, రుద్దకుండా. తీసి పాత పంచె ముక్కతో అద్దండి. మెరుపు పోయి తడి మిగిలినప్పుడు వెడల్పు కుంచెతో పల్చటి రంగు వెయ్యాలి. మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ ముంచాలి. కళ్ళు, నగలు మాత్రం అన్నీ అయ్యాక పొడి కాగితం మీదే.

బొబ్బిలి_బొమ్మలు:
కాగితం అంచులు బల్లకి అతికించడానికి మాస్కింగ్ టేపు వాడుతున్నారేమో చూసుకోండి, తడికి ఊడిపోతుంది. నీళ్ళతో అతికే గోధుమరంగు గమ్ టేపు వాడాలి.

అసలు చిక్కు నమూనాలోనూ ఉంది. అట్ట మీది ఆ పసుపు ఛాయ అంతా వపా గారు వేసింది కాదు. అచ్చు సిరా, పాతబడ్డ కాగితం కలిసి తెచ్చినది. భూతద్దం పెట్టి పిల్లలకి చుక్కలు చూపించండి. అది తెలియక బొమ్మంతా ఓకర్ పూస్తారు, నీలాలు, ఎరుపులు మట్టికొట్టుకుపోతాయి. 1921లో మీ ఊళ్ళోనే పుట్టిన మనిషి, ఆయన బొమ్మల నుంచి గీత నేర్పండి: వేళ్ళ వంపు, చీర మడత. వాష్‌కి అబనీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మలు పెట్టండి. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుడు తైకాన్ పనితనం చూసి ఆయన మలుచుకున్న పద్ధతి అది.

నాగావళి_గట్టు:
మరి కొన్న పోస్టర్ రంగులు?

కుంచె_విజయనగరం:
ముగ్గులూ, అంచు డిజైన్లూ వేయించండి. చదునుగా నిండడానికి అవే మేలు.