పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ పేర్లకు మళ్లీ ప్రాణం పోయవచ్చా?

ప్రశ్న:
ట్రయంఫ్, నార్టన్, బీఎస్ఏ వంటి పేర్లను కొత్త యజమానులు కొని, ఆ పేర్లతో మళ్లీ బండ్లు తెస్తున్నారు. ట్యాంకు మీద పాత ముద్ర ఉన్నంత మాత్రాన అది వారసత్వం అవుతుందా, లేక జ్ఞాపకాలను అమ్ముకోవడమేనా?

మొదటి సమాధానం:
ట్రయంఫ్‌ను గమనించండి. 1983లో మెరిడెన్ కర్మాగారం మూతపడ్డాక ఆ పేరును కొన్న జాన్ బ్లూర్, పాత నమూనాలకే మెరుగులు దిద్ది సరిపెట్టుకోకుండా, హింక్లీలో కొత్త కర్మాగారం కట్టించి, నీటితో చల్లబడే మూడు, నాలుగు సిలిండర్ల ఇంజిన్లతో 1991లో అమ్మకాలు ప్రారంభించారు. ట్రయంఫ్ పాత మోడళ్లలో అందరి నోటా ఉన్న బోనవిల్ పేరును అక్కడి నుంచి తేవడానికి మరో దశాబ్దం ఆగారు. నా దృష్టిలో ఆ ఆగడంలోనే అసలు తెలివి ఉంది.

రెండవ సమాధానం:
అంత ఓపిక, అంత పెట్టుబడి అందరికీ ఉండవండి. నార్టన్ 2020 జనవరిలో దివాలా అంచుకు చేరితే, ఏప్రిల్‌లో టీవీఎస్ దాన్ని 1.6 కోట్ల పౌండ్లకు కొని, తరువాత సోలిహల్‌లో కర్మాగారం నెలకొల్పింది.

మూడవ సమాధానం:
ప్రశ్న అడిగిన వారి అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. నేటి బోనవిల్‌లో ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ ఇంజెక్షనే అందిస్తుంది. అయినా ఆ భాగాన్ని, ఒకప్పుడు ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజిన్‌కు పంపిన కార్బ్యురేటర్ ఆకారంలో మలిచారు. ఇంజిన్‌ను నీరు చల్లబరుస్తున్నా, సిలిండర్ల చుట్టూ గాలికి చల్లబడే ఇంజిన్లకుండే రెక్కలు అలాగే ఉన్నాయి. పాత బ్రిటిష్ బండ్లలో కుడివైపు ఉండే గేరు మీట మాత్రం మళ్లీ అటువైపుకు తిరిగి రాలేదు; పాతకాలపు అలవాటును అంతవరకు కోరుకునేవారు కొద్దిమందే!

ప్రశ్న అడిగినవారు:
ఆ కార్బ్యురేటర్ వేషం సంగతి నాకు తెలియదు. ఈసారి బండి కనిపిస్తే ముందు అక్కడే వంగి చూస్తాను.