‘అట్రిబ్యూటెడ్ టు’ అని రాసిన బొమ్మను వేలంలో కొనడం తెలివా, తెగింపా?

గోడమీదబొమ్మ:
ఒక వేలం సంస్థ ఆన్‌లైన్ క్యాటలాగ్‌లో చెక్క పలక మీద వేసిన పాత డచ్ తైలవర్ణ చిత్రం చూశాను. చిత్రకారుడి పేరు ముందు ‘అట్రిబ్యూటెడ్ టు’ అని ఉంది. ఆయన బొమ్మేనని ఖాయంగా రాస్తే పలికే ధరతో పోలిస్తే ఎస్టిమేట్ (సంస్థ వేసిన అంచనా ధర) చాలా తక్కువ. బొమ్మ చూస్తే కళ్లు తిప్పుకోలేకపోతున్నాను. ఇంట్లో మాత్రం రెండు వాదనలు. “పేరుకు పేరు, ధర చూస్తే తక్కువ, ఎందుకు వదులుకోవడం?” అంటాడు అన్నయ్య. “అమ్మేవాళ్లకే నమ్మకం లేనిదాన్ని మనం ఎందుకు నమ్మాలి?” అంటుంది మా ఆవిడ. ఇది నిజాయితీగా చెప్పిన అభిప్రాయమా, రేపు తేడా వస్తే చేతులు దులుపుకోవడానికి పెట్టిన మాటా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతచట్రం:
మీ ఆవిడ మాటలో సగం నిజం ఉందండీ. వాళ్లకు ఎంత నమ్మకం ఉందో అంతవరకే రాశారు. దాన్ని తప్పుపట్టలేం.

క్యాటలాగ్ చివర ఎవరూ తెరవని పేజీ ఒకటి ఉంటుంది. ముందు అది చదవండి. పెద్ద సంస్థల పద్ధతి దాదాపు ఒకటే. పేరు ముందు ఏ మాటా లేకపోతే ‘ఇది ఆయన వేసిందే’ అని సంస్థ చెబుతున్నట్టు. ‘అట్రిబ్యూటెడ్ టు’ అంటే బహుశా ఆయనదే, మొత్తంగానో కొంతభాగమో. ‘స్టూడియో ఆఫ్’ అంటే ఆయన వర్క్‌షాప్‌లో తయారైనది, ఆయన కనుసన్నల్లో జరిగి ఉండవచ్చు. ‘సర్కిల్ ఆఫ్’ అంటే ఆ కాలానిదే, ఆయన ప్రభావం కనిపిస్తుంది, కానీ వేరే చెయ్యి. ‘ఫాలోయర్ ఆఫ్’ అంటే ఆయన శైలిలో వేసినవాడు, శిష్యుడే కావాలని లేదు. ‘మ్యానర్ ఆఫ్’ దగ్గరికి వచ్చేసరికి కాలం కూడా మారిపోతుంది, శైలి ఒక్కటే మిగులుతుంది. ‘ఆఫ్టర్’ అంటే కాపీ, ఏ కాలానిదైనా కావచ్చు.

ఇవన్నీ పక్కపక్కనే కనిపించినా ఒక్కో మెట్టు దిగేకొద్దీ ధర ఎంత పడిపోతుందో పాత వేలం ఫలితాలు చూస్తే తెలుస్తుంది. మీ బొమ్మ పై నుంచి రెండో మెట్టు మీద ఉంది. అది తక్కువేమీ కాదు.

నిలదీత:
మెట్లు కట్టింది ఎవరు? అమ్మేవాళ్లే. ఏ బొమ్మను ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో చెప్పేదీ వాళ్లే. కమీషన్ తీసుకునేదీ వాళ్లే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు ఉంటాయి ఈ మాటలు.

2006లో సోథబీస్ అనే పెద్ద వేలం సంస్థ లండన్‌లో పేకాట మోసగాళ్ల బొమ్మ ఒకటి అమ్మింది. ఇటలీ చిత్రకారుడు కారవాజియో అనుచరుడి పని (‘ఫాలోయర్ ఆఫ్’) అని రాసింది. ధర 42,000 పౌండ్లు. కొన్న సర్ డెనిస్ మాన్ కళాచరిత్రకారుడు. ఇది కారవాజియోదేనని తర్వాత ప్రకటించాడు. అమ్మినాయన కోర్టుకు వెళ్తే 2015లో సంస్థే గెలిచింది. అదే 2021లో మాడ్రిడ్‌లో ‘రిబేరా సర్కిల్’ (రిబేరా ఇంకో పాత చిత్రకారుడు) అని రాసి 1,500 యూరోల ప్రారంభ ధరతో ఒక క్రీస్తు బొమ్మను వేలానికి పెట్టారు. నిపుణులు గోల చేశారు, అక్కడి ప్రాడో మ్యూజియం కలగజేసుకుంది, ప్రభుత్వం ఎగుమతి ఆపింది, వేలం ఆగిపోయింది. 2024లో అదే బొమ్మ ప్రాడోలో కారవాజియో పేరుతో ప్రదర్శనకు వచ్చింది. ఒక మ్యూజియం అడ్డుపడకపోయి ఉంటే 1,500 యూరోల దగ్గర మొదలై ఎవరి ఇంటికో పోయేది! ఇంత ఊగిసలాడే మెట్ల మీద నిలబడి ‘తక్కువేమీ కాదు’ అంటే ఎలా సార్?

పాతచట్రం:
సోథబీస్ కేసును మీరు తిప్పి చదువుతున్నారు. ఆ రోజు సంస్థ నిపుణులు బొమ్మను జాగ్రత్తగా చూశారా లేదా, అన్నదే కోర్టు ముందున్న ప్రశ్న. చూశారని తేలింది. తర్వాత ఒక పెద్దాయన వేరుగా అనుకున్నంత మాత్రాన ముందు చెప్పింది మోసం అయిపోదు. ఆ బొమ్మ కారవాజియోదేనని అందరూ ఒప్పుకోలేదు కూడా.

మీ రెండు ఉదాహరణల్లో నష్టపోయిందీ, నష్టపోబోయిందీ అమ్మినవాళ్లు. ఇక్కడ అడుగుతున్నది కొనేవాళ్ల సంగతి.

నిలదీత:
కొనేవాళ్ల సంగతే చెబుతా. 2017 నవంబరులో ఇంకో పెద్ద సంస్థ క్రిస్టీస్ న్యూయార్క్ వేలంలో ‘సాల్వతోర్ ముండి’ అనే క్రీస్తు బొమ్మ 45 కోట్ల డాలర్లకు పోయింది. పేరు ముందు ఏ మాటా లేదు, నేరుగా లియొనార్డో డా విన్చి. అదే బొమ్మ 1958లో 45 పౌండ్లకు అమ్ముడుపోయింది, 2005లో అమెరికాలో ఒక చిన్న వేలంలో 1,175 డాలర్లకు. 45 కోట్లకు పోయిన నాలుగేళ్ల తర్వాత, 2021లో ప్రాడో తన ప్రదర్శన క్యాటలాగ్‌లో దాన్ని లియొనార్డో స్వయంగా వేసినవాటి జాబితాలో పెట్టలేదు. ఆయనకు ఆపాదించినవీ, ఆయన వర్క్‌షాప్‌వీ, ఆయన పర్యవేక్షణలో వేసినవీ ఉన్న జాబితాలో పెట్టింది. కొన్నాయన డబ్బు ఏ మెట్టు మీద ఉందో చెప్పండి చూద్దాం!

ఇంకోటి. 1500 ప్రాంతంలో వేసిన ఈ బొమ్మను సమకాలీన కళ వేలంలో పెట్టి అమ్మారు. ఎందుకో ఆలోచించండి. పాత చిత్రాలు కొనేవాళ్లు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు.

ప్లీడరుకోటు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మీరిద్దరూ వాదిస్తున్నది బొమ్మ ఎవరిదన్న విషయం. కొనేవాళ్లు అడగాల్సింది వేరే: తేడా వస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

పెద్ద సంస్థల షరతుల్లో సాధారణంగా అమ్మిన తేదీ నుంచి 5 ఏళ్ల వారంటీ ఉంటుంది. వివరణ మొత్తానికి ఉంటుందనుకోవద్దు. క్రిస్టీస్‌లో అయితే లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) వివరణ మొదటి లైనులో క్యాపిటల్ అక్షరాల్లో ఉన్నదానికే. కింద పేరాలు పేరాలుగా ఎంత పొగిడినా అది అభిప్రాయం కిందకే వస్తుంది. ఇక ఆ మొదటి లైనులోనే ‘అట్రిబ్యూటెడ్ టు’ ఉంటే, ఆ చిత్రకారుడే వేశాడన్న హామీ వాళ్లు ఇవ్వనట్టే. రేపు వేరేవాళ్ల పని అని తేలితే “మేం బహుశా అన్నాం కదా” అంటారు. షరతుల ప్రకారం అది సరైన జవాబే.

ముందు ఏ మాటా లేకుండా పేరు ఉంటే ఏమవుతుందో కూడా చూడండి. రష్యన్ చిత్రకారుడు కుస్తోదియెవ్ పేరుతో ఉన్న ‘ఒడాలిస్క్’ను 2005లో క్రిస్టీస్ దగ్గర దాదాపు 17 లక్షల పౌండ్లకు ఒక కంపెనీ కొంది. 2012లో లండన్ హైకోర్టు అది ఆయన పని కాదని తేల్చి డబ్బు వెనక్కి ఇమ్మంది. అయితే సంస్థ నిర్లక్ష్యం చేసిందన్న ఆరోపణను ఒప్పుకోలేదు. అంటే కొన్నవాళ్లను కాపాడింది ఆ వారంటీయే. నిపుణుల తప్పు పట్టుకుని ఉంటే ఓడిపోయేవాళ్లు.

చిన్న అక్షరాల్లో ఇంకా ఉంటుంది. అమ్మిన రోజున పండితులు సాధారణంగా ఒప్పుకున్న అభిప్రాయాన్నే క్యాటలాగ్ చెప్పి ఉంటే, తర్వాత అభిప్రాయం మారినా వారంటీ పనిచేయదు. పైగా అది మొదట కొన్నవారికే. మీరు ఇంకొకరికి అమ్మితే వాళ్లకు రాదు.

నిలదీత:
నేను చెబుతున్నదే మీరు చట్టం భాషలో చెప్పారు. అనుమానం ఉన్నచోట హామీ లేదు, పండితులు ఒప్పుకున్నచోట మినహాయింపు. ఇక మిగిలింది ఏమిటి?

ప్లీడరుకోటు:
ధర మిగిలింది. హామీ లేదని ముందే చెప్పారు కాబట్టే ఎస్టిమేట్ తక్కువ. హామీ ఉన్న ధర పెట్టి హామీ లేని బొమ్మ కొంటే తప్పు సంస్థది కాదు.

తైలవర్ణం:
రంగుల పరీక్షల గురించి ఎవరూ అనలేదు. ల్యాబ్‌కు పంపితే తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. ‘కాదు’ అని చెప్పడానికి ల్యాబ్ చాలా పనికొస్తుంది, ‘అవును’ అని మాత్రం చెప్పలేదు.

2006లో కొలోన్‌లోని లెంపెర్ట్స్ వేలంలో జర్మన్ చిత్రకారుడు కాంపెండాంక్ 1914లో వేశాడన్న బొమ్మ 28 లక్షల యూరోలకు పైగా పలికింది. వెనక పాత చీటీ అతికించి ఉంది, ‘ఫ్లెక్ట్‌హైమ్ సేకరణ’ అని, ఆ కళావర్తకుడి ముఖం చెక్కిన ముద్రతో సహా. పరీక్షిస్తే టైటానియం వైట్ దొరికింది. 1914లో ఆ తెల్లరంగు చిత్రకారుల ట్యూబుల్లోకి రాలేదు. బొమ్మ వేసింది వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకీ అనే దొంగబొమ్మల చిత్రకారుడు, చీటీ కూడా ఆయన చేసిందే. పాత ఫొటో కావాల్సి వస్తే భార్యకు ఆమె అమ్మమ్మలా వేషం కట్టి, వెనక గోడకు దొంగబొమ్మలు తగిలించి, బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు. ప్రొవెనెన్స్ (బొమ్మ ఎవరెవరి చేతులు మారిందో చెప్పే) కాగితాలు చూసి మురిసిపోయేవాళ్లకు చెబుతున్నా.

డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరుతో వచ్చిన పురుషుడి చిత్రం ఇంకా ఘోరం. ఫ్రాన్స్ ప్రభుత్వం 2008లో దాన్ని జాతీయ నిధి అంది, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం కొనాలనుకుని డబ్బు కుదరక వదిలేసింది. 2011లో సోథబీస్ ద్వారా కోటి డాలర్ల పైచిలుకుకు అమ్ముడైంది (వేలంలో కాదు, ప్రైవేటుగా). తర్వాత పరీక్షిస్తే ఇరవయ్యో శతాబ్దపు రంగులు దొరికాయి. సంస్థ కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చి, తన డబ్బు కోసం అమ్మినవాళ్ల మీద కోర్టుకు వెళ్లింది. 2016లోనే ఆ పరీక్షలు చేసిన ల్యాబ్‌ను కొనేసింది కూడా. లూవ్ర్ కళ్లు తప్పిపోయినచోట మన కళ్లెంత?

ఇక మీది చెక్క పలక అన్నారు కాబట్టి, ఓక్ అయితే చెట్టు వలయాలు లెక్కపెట్టి ఏ సంవత్సరం తర్వాత కొట్టిన చెట్టో చెప్పవచ్చు. చిత్రకారుడు పోయాక కొట్టిన చెట్టయితే కథ అక్కడితో అయిపోయింది. అంతకుముందుదే అయినా ఆయనే వేశాడని కాదు. పక్క వీధి చిత్రకారుడూ అదే చెక్క కొన్నాడు.

ముక్కుసూటి:
ఇంత టెన్షన్ దేనికి? బొమ్మ నచ్చితే కొనుక్కోండి, పేరు నచ్చితే మానేయండి.

గోడమీదబొమ్మ:
అందరికీ థాంక్స్. క్యాటలాగ్ మళ్లీ తెరిచి లాట్ వివరాలు ఉన్నవి ఉన్నట్టు చూశాను. పేరు కింద ‘బేర్స్ సిగ్నేచర్’ అని ఉంది. ప్రొవెనెన్స్ దగ్గర ‘ప్రైవేట్ కలెక్షన్, యూరప్’ అని ఒక్క లైను. లిటరేచర్ (బొమ్మ గురించి వచ్చిన పుస్తకాలు, వ్యాసాల జాబితా) ఖాళీ. కండిషన్ రిపోర్ట్‌లో పలక కింది అంచు కోసినట్టుందనీ, ఆకాశం భాగంలో అక్కడక్కడా తర్వాత దిద్దిన రంగు ఉందనీ రాశారు. సంతకం ఉందంటే మంచిదే కదా?

పాతచట్రం:
కాదండీ. ‘సైన్డ్’ అని ఉంటే సంతకం చిత్రకారుడిదేనని వాళ్ల అభిప్రాయం. ‘బేర్స్ సిగ్నేచర్’ అంటే సంతకమైతే ఉంది, కానీ పెట్టింది ఇంకెవరో అని వాళ్లే చెబుతున్నారు. అంటే మధ్యలో ఎప్పుడో ఒకరు దీన్ని పెద్ద పేరుతో అమ్మాలని చూసి ఉండవచ్చు, లేదా అమాయకంగా పేరు రాసి ఉండవచ్చు. అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టిన ఫొటో అడగండి. పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన రంగు నల్లమచ్చలుగా కనిపిస్తుంది. సంతకం ఆ వార్నిష్ మీద ఉందా, కింద ఉందా అన్నది మొదట చూడాలి.

ఆపాదించింది ఎవరో కూడా అడగండి. ఆ చిత్రకారుడి మీద పనిచేసిన పండితుడు బొమ్మను స్వయంగా చూసి చెప్పాడా, ఫొటో చూసి చెప్పాడా, సంస్థ ఉద్యోగి అభిప్రాయమా? ఈ మూడూ క్యాటలాగ్‌లో ఒకే రెండు మాటలుగా కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం నిలదీత గారితో నేనూ ఏకీభవిస్తాను. ఎవరు, ఎప్పుడు, ఏం చూసి చెప్పారో అచ్చు వేయడానికి వాళ్లకు ఖర్చేమీ కాదు.

ప్లీడరుకోటు:
అచ్చు వేయరు, ఎందుకంటే పేరు బయటపెట్టడం పండితులకే ఇష్టం ఉండదు. అమెరికన్ చిత్రకారుడు వార్హోల్ బొమ్మలు అసలువో కాదో చెప్పే బోర్డు దావాల ఖర్చు భరించలేక 2012లో మూతపడింది. కాదన్నందుకు కోట్లు పోయాయని యజమాని కోర్టుకు ఎక్కుతాడు.

గోడమీదబొమ్మ:
ఉదయం సంస్థకు మెయిల్ పెట్టాను, సాయంత్రానికి జవాబు వచ్చింది. ఆపాదన వాళ్ల విభాగానిదే, బయటి పండితుడికి చూపించలేదట. అల్ట్రావయొలెట్ ఫొటో పంపారు. సంతకం చుట్టూ అంతా ఆకుపచ్చగా ఉంది, అక్షరాలు మాత్రం నల్లగా పైకి తేలి కనిపిస్తున్నాయి. అన్నయ్య ఫొటో చూసి ఏమీ మాట్లాడలేదు.

పాతచట్రం:
అయితే సంతకం వార్నిష్ మీదే ఉంది. దాన్ని లెక్కలోంచి తీసేయండి. పైన ‘అట్రిబ్యూటెడ్’ అని ఉన్నా మీ మనసులో ‘సర్కిల్ ఆఫ్’ ధరే పెట్టుకోండి. అదే స్థాయి బొమ్మలు గత కొన్నేళ్లలో ఎంతకు పోయాయో చూసి, దాని మీద కొనుగోలుదారు ప్రీమియం (సంస్థ కొనేవాళ్ల దగ్గర అదనంగా తీసుకునే రుసుము) కలుపుకుని, అక్కడ గీత గీయండి. వేలంలో ఆ గీత దాటితే ఊరుకోండి.

నిలదీత:
నేనైతే ఆ ధరకూ కొనను. బయటివాళ్లెవరికీ చూపించకుండానే రెండో మెట్టు మీద ఎలా కూర్చోబెట్టారో ఇప్పటికీ చెప్పలేదు వాళ్లు.

గోడమీదబొమ్మ:
అదే ప్రశ్న ఇందాక వాళ్లకు రాశాను. వేలం గురువారం. అప్పటికి జవాబు రాకపోతే బిడ్ వేయను.