మెసేజింగ్ నేర్చుకోవాలంటే మొదట కాఫ్కానా, రాబిట్ఎంక్యూనా?

కొత్తపేట_జావా: రెండు సర్వీసుల (ప్రోగ్రామ్‌ల) మధ్య సందేశాలు చేరవేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. అమీర్‌పేటలో అడిగితే కాఫ్కా అన్నారు, మా సీనియర్ రాబిట్ఎంక్యూ అన్నారు. దేనితో మొదలుపెట్టాలి?

పాత_సర్వర్: రాబిట్. మేనేజ్‌మెంట్ ప్లగిన్ పెట్టుకుని బ్రౌజర్లో 15672 పోర్టు తెరవండి, ఏ క్యూలో ఎన్ని సందేశాలు పేరుకున్నాయో కంటికి కనబడుతుంది. తీసుకున్న ప్రోగ్రామ్ 'అందింది' అని చెప్పకుండా పడిపోతే సందేశం మళ్లీ క్యూలోకి వస్తుంది. ఈ ముక్క అర్థమైతే సగం చదువు అయినట్టే.

తెల్లబోర్డు: 2007 నాటి సరుకు. ఇంటర్వ్యూలో అడిగేది కాఫ్కా.

పాత_సర్వర్: కాఫ్కా నిన్న పుట్టిందా? లింక్డిన్ దాన్ని బయటపెట్టింది 2011లో.

ట్యాంక్‌బండ్_గాలి: పెళ్లిచూపులా, వయసులు అడగడానికి?

తెల్లబోర్డు: సరే. కాఫ్కాలో చదివినంత మాత్రాన సందేశం పోదు, సెట్టింగు మార్చకపోతే ఏడు రోజులు ఉంటుంది. ఆఫ్‌సెట్ (ఎంతవరకు చదివామో చెప్పే సంఖ్య) వెనక్కి జరిపి మళ్లీ చదువుకోవచ్చు. పైగా వరుస తప్పదు.

పాత_సర్వర్: "వరుస తప్పదు"! ఒక్క పార్టిషన్ (సందేశాలను పంచి ఉంచే భాగాల్లో ఒకటి) లోపలే అండీ ఆ వరుస. మూడు పార్టిషన్లు పెట్టి కీ లేకుండా పంపండి, ఆర్డరు కంటే ముందు దాని రద్దు చేరవచ్చు.

తెల్లబోర్డు: ఆర్డరు నంబరును కీగా ఇస్తే రెండూ ఒకే పార్టిషన్‌కు వెళ్తాయి, సరిపోతుంది. అందరికీ తెలిసిందే.

పాత_సర్వర్: అందరికీనా? ఒక కోచింగ్ సెంటర్‌లో రెండు నెలలు నేర్చుకుని మా టీములో చేరిన అబ్బాయికి జూకీపర్ (పాత కాఫ్కాకు తోడుగా నడపాల్సిన సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలేషన్ కంఠస్థం. కాఫ్కా 4.0లో జూకీపరే లేదు! అతను రాసిన ప్రోగ్రామ్ ఆఫ్‌సెట్ నమోదు చేయకముందే ఆగి, మళ్లీ మొదలై, చదివినవే మళ్లీ చదివింది. కస్టమర్లకు ఒకే ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్లింది. మా అమ్మాయి పుట్టినరోజు నాడు తెల్లవారేదాకా గచ్చిబౌలి ఆఫీసులో కూర్చున్నాను.

తెల్లబోర్డు: రాబిట్‌లోనూ మళ్లీ వస్తుందని పైన మీరే రాశారు. అంటే మీ కోపం కాఫ్కా మీద కాదు, మా మీద. అవును, నేను పాఠాలు చెప్పుకునేవాడినే. అప్పు చేసి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లవాడికి మూడు నెలల్లో ఉద్యోగం రావాలి. రెజ్యూమెలో కాఫ్కా లేకపోతే వాడికి ఫోనే రాదు. లోతులు జీతం వచ్చాక తెలుసుకుంటాడు.

పాత_సర్వర్: అతను తెలుసుకునేదాకా మేలుకునేది నేను. ఒకే సందేశం రెండుసార్లు వస్తే ఏం చేస్తావని క్లాసులో ఒక్కరోజైనా అడిగారా?

తెల్లబోర్డు: నలభై ఐదు రోజుల కోర్సులో ఎక్కడ అడగమంటారు?

కొత్తపేట_జావా: రాత్రి రాబిట్ పెట్టి, తీసుకునే ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపేశాను. నిజంగానే మళ్లీ వచ్చింది, టేబుల్లో ఒకే ఆర్డరు రెండుసార్లు పడింది. టేబుల్లో ఆర్డరు నంబరుకు యూనిక్ కీ (ఒకే నంబరు రెండుసార్లు పడనివ్వని నియమం) పెట్టాక రెండోది చేరలేదు. ఇక ఇదే కాఫ్కాలో చేసి చూడాలి. తెల్లబోర్డు గారూ, ఫీజు ఎంత?