ఆరింటికే చీకటి పడుతోంది, మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

కొత్తగా దిగినవాడు: అందరికీ నమస్కారం. ఆగస్టులో ఈ చలిదేశానికి వచ్చాను. అప్పుడు ఎనిమిదైనా వెలుతురే, ఇప్పుడు ఆఫీసులోంచి బయటపడేసరికి చీకటి. పొద్దున లేవబుద్ధి కావట్లేదు. ఈ ఆకురాలే కాలానికి తగ్గట్టు రోజుని ఎలా మార్చుకోవాలి? (కోటు కొనేశాను, దాని గురించి కాదు.)

పాతకాపు: కోటు సంగతే ముందు చెప్తా తమ్ముడూ. లావుపాటిది ఒక్కటి దండగ, పల్చటివి మూడు వేసుకో, బస్సెక్కాక ఒకటి విప్పొచ్చు. కానీ అసలు గండం తేమకి గోడకి పట్టే బూజు. నేనొచ్చిన మొదటి ఏడు చలికి భయపడి అక్టోబర్ నుంచి కిటికీ తెరవలేదు, బట్టలన్నీ గదిలోనే హీటర్ మీద ఆరేసేవాణ్ణి, నవంబర్‌లో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లగా మచ్చలు. ఇంటి ఓనరొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా కిటికీ అద్దం మీద వేలుతో గీశాడు, నీళ్ళు కారాయి, ఆ తేమే చల్లగోడకి పట్టిందన్నాడు. అడ్వాన్సులో సగం కోసేశాడు. గోడదీ తప్పుందని ఇప్పటికీ అంటాను, వినేవాడేడి. పొద్దునా సాయంత్రం పది నిమిషాలు కిటికీలు బార్లా తెరువు, బీరువా గోడకి నాలుగు వేళ్ళ దూరం పెట్టు. తేమ చూపించే మీటరొకటి కొనుక్కో, 60 శాతం దాటనివ్వకు.

రాత్రి షిఫ్టు అక్క: అన్నయ్యా, ఆ అబ్బాయి అడిగింది వెలుతురు గురించి! బాబూ, సెప్టెంబర్ 22, 23 దగ్గర పగలూ రాత్రీ సమానం, పొద్దు గబగబా తరిగేది కూడా అప్పుడే, అందుకే ఒక్కసారి మీద పడ్డట్టుంటుంది. లేచిన గంటలోపు బయట నడువు, మబ్బు పట్టినా సరే, ఇంట్లో లైటు కన్నా బయటే ఎన్నో రెట్లు వెలుతురు. కుదరకపోతే 10,000 లక్స్ (వెలుతురు కొలత) దీపం పొద్దున్నే అరగంట పక్కన పెట్టుకో, దానికేసి చూడక్కర్లేదు. సాయంత్రం వాడితే మాత్రం నిద్ర పట్టదు. కంటి జబ్బున్నా, మూడ్‌కి మందులు వాడుతున్నా ముందు డాక్టర్నడుగు. దిగులు రెండు వారాలు దాటితే ఇక్కడ అడగడం ఆపి అపాయింట్‌మెంట్ తీసుకో.

పంచాంగం: ఇది శరదృతువు కదండీ, పిత్తం పెరిగే కాలమని ఆయుర్వేద గ్రంథం చరక సంహితలోనే ఉంది. చలవ చేసేవి తినాలి.

పాతకాపు: అయ్యా, అది వానలు వెలిసి ఎండ చురుక్కుమనే శరత్తు. ఇక్కడ చెవులు గడ్డకడుతుంటే చలవేంటి? ఇది మీ పుస్తకంలో హేమంతం. వేడి తిండి, ఒంటికి నూనె, అవీ అందులోనే ఉన్నాయి.

పంచాంగం: ఒప్పుకుంటా, కానీ నెల ప్రకారం నాదే రైటు.

పాతకాపు: అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి, మర్చిపోకండి.

రాత్రి షిఫ్టు అక్క: అది యూరప్‌లో అన్నయ్యా. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. పోయినేడూ ఇదే గొడవ పడ్డాం.

కొత్తగా దిగినవాడు: థాంక్సండీ, పొద్దున నడక మొదలెట్టా, నిద్ర కాస్త నయం. పాతకాపు అన్నా, మీ మాట విని ఇవాళ బీరువా జరిపా. మచ్చ ఉంది, అరచెయ్యంత. ఓనరుకి చెప్పాలా, తుడిచేయాలా?

పాతకాపు: తుడవకు! ముందు తేదీ పడేలా ఫొటో తియ్యి. ఫోన్ చెయ్యకు, రాతపూర్వకంగా పంపు.